గుట్టబాట బాగుచేసే ట్రెక్కింగ్ క్లబ్‌ల ఏడాది పనిచేసినంక నా రివ్యూ

ముందుగాలనే చెప్తున్న, రీల్స్ తీసుకొని పోదామనుకునేటోళ్ళకు ఇది పనికొచ్చే రివ్యూ కాదు. మా మహబూబ్‌నగర్ల ఒక ట్రెక్కింగ్ క్లబ్ ఉంది, నెలకు ఒక ఆదివారం ఏదో ఒక గుట్ట ఎక్కుతరు, ఇంకో ఆదివారం గుట్ట మీది బాట బాగుచేసే పని పెట్టుకుంటరు. నేను పోయిన దసరా అయినంక చేరిన, అంటే ఏడాది అయిపోయింది. ట్రెక్కులకంటే ఈ బాట పనికే ఎక్కువ పోయిన, ఎనిమిది సార్లు. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసిన్నో చెప్పేదుంది, అందుకే క్లబ్ పేరు రాస్తలేను, మనుషులు మంచోళ్ళే, పేరు పెట్టి తిట్టబుద్ధి కాదు.

నేను ఒక ప్రైవేటు దవాఖాన్ల స్టాఫ్ నర్సును, నైట్ డ్యూటీలు చేసి చేసి నడుము పట్టేసి, ఎవరో చెప్తే చేరిన. ఫస్ట్ రోజు పొద్దుగాల నాలుగున్నరకు బూట్లు ఏసుకుంటుంటే మా నాయనమ్మ మంచంల నుంచే అడిగింది, "ఏం పనే?" గుట్ట మీద రాళ్ళు పెట్టాలె, కాల్వలు తీయాలె అన్న. "కూలి ఎంతిస్తరు?" ఇయ్యరు నాయనమ్మా, మనమే రెండొందలు కట్టినం గ్లవ్స్‌కు అన్న. ఇగ చూడాలె ఆమె నవ్వు, దగ్గొచ్చే దాంక నవ్వింది. మరి నవ్వదా, పెండ్లయిన కొత్తల మా తాతతోని సాగర్ డ్యాం పనికి పోయి నెత్తి మీద రాయి మోసిన మనిషి. ఆ డ్యాం సిమెంటు కాంక్రీటు పోసి కట్టింది కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టింది, 1955ల పునాదిరాయి పడ్డకాన్నుంచి ఎన్ని వేలమంది మోసిన్రో. మట్టిపని యాడుంటే ఆడికి పాలమూరు లేబర్ అని లారీలల్ల ఎక్కించుకొని పోయిన ఊరు మాది. గసొంటి ఊర్లె పుట్టి నేను పెట్రోల్ పోసుకొని పోయి ఊకెనే గడ్డపార పడతానంటే ముసల్దానికి ఎట్ల అర్థమైతది చెప్పుండ్రి.

సరే, పని సంగతికొస్త. నాకు కూడా మొదట్ల తెల్వదు, బాట బాగుచేసుడంటే కంప కొట్టుడు, ప్లాస్టిక్ ఏరుడు అనుకున్న. అది పావు వంతు పని. మిగతాదంతా నీళ్ళ పని. గుట్ట మీద బాటను మనుషులు పాడుచేసిన దానికంటే వాన పాడుచేసేదే ఎక్కువ, కాకపోతే వానకు దారి చూపించేది మనుషులే. వంకర తిరిగి పోయే బాట ఉంటదా, ఎవడో కుర్రోడు ఓపిక లేక నిట్టనిలువు అడ్డదారిల దిగుతడు, వాని ఎనుక పదిమంది, గడ్డి చచ్చిపోతది, మట్టి తేలుతది, జులైల వాన పడంగనే నీళ్ళన్నీ ఆ అడ్డదారిల పడి ఉరుకుతయి, రెండు వానలకు మోకాలి లోతు గండి. ఇగ ఆ గండిల నడవలేక మనుషులు పక్కపొంటి నడుస్తరు, బాట వెడల్పు అయితది, మళ్ళ మట్టి తేలుతది. గట్ల ఒక గుట్ట మీద మూడడుగుల బాట పన్నెండడుగులైంది నేను కళ్ళారా చూసిన.

దీనికి మందు ఏందంటే బాటకు అడ్డంగ రాళ్ళ వరుస పాతి నీళ్ళను పక్కకు మళ్ళించుడు. చెప్పనీకి గింతే. కానీ మేమందరం ఫస్ట్ సారి ఆ వరుసను నేరుగ అడ్డంగ పెట్టినం, గోడ లెక్క. చూడనీకి సక్కగ ఉండె, ఫొటో గిట్ల దిగినం. రెండు వానలకే దాని ఎనుక ఒండ్రు నిండి నీళ్ళు పైకెళ్ళి దుంకుతున్నయి, కిందున్న మట్టంతా కోసుకపోయింది. అప్పుడు ఒక పెద్దాయన, వడ్డెర తాత, క్లబ్ వాళ్ళు రోజుకూలి ఇచ్చి పిలిపించుకుంటరు ఆయన్ను (గీ విషయంల క్లబ్‌ను మెచ్చుకోవాలె, పెద్దమనిషితోని ఉత్తగ పని చేయించుకుంటలేరు), ఆయన చూసి అన్నడు, "పొలంల మడవ తిప్పుడు చూడలేదా బిడ్డా, నీళ్ళను ఆపొద్దు, అట్ల పొమ్మని చెయ్యి చూపించాలె." అంటే వరుస ఏటవాలుగ ఉండాలె, బాటకు సగం అడ్డం సగం నిలువు అన్నట్టు, పల్లం దిక్కు కొన కింది వైపుకు ఉండాలె, ఆ కొన కాడ నీళ్ళు బయటికి పోనీకి చిన్న కాల్వ తీయాలె. కాల్వ నోట్ల ఆకులు, ఇసుక నిండితే మొత్తం పని బేకార్, అందుకే ప్రతిసారి పోంగనే ఫస్ట్ ఆ నోర్లు సాఫ్ చేసుడే.

ఈ తాత దగ్గర నేర్చుకున్న ఇంకో పని మెట్టు పెట్టుడు. నాకు గీ పని మీద పానం. మనం ఏమనుకుంటం, సాపుగ ఉన్న రాయి తెచ్చి మట్టి మీద పెడితే మెట్టు అనుకుంటం. కాదు. రాయిల పెద్ద భాగం మట్టిల పోవాలె, మనకు కనపడేది కొంచమే. పొడుగు దిక్కు గుట్ట లోపలికి ఉండాలె, బయటికి కాదు. పని కిందికెళ్ళి మొదలుపెట్టాలె, పై మెట్టు ముందంచు కింది మెట్టు ఎనుక అంచు మీద ఎక్కి కూసోవాలె, అప్పుడు ఒకదాని బరువు ఇంకోదాన్ని పట్టుకుంటది. సందులల్ల మట్టి పోయొద్దు, వానకు కొట్టుకపోతది, చిన్న రాళ్ళు సమ్మెటతోని దిగ్గొట్టాలె. అన్నీ అయినంక తాత మెట్టెక్కి మడమల మీద ఊగుతడు, కళ్ళు మూసుకొని. "టక్" మని చిన్న సప్పుడు వస్తే చాలు, తీసేయమంటడు. మేము గంటన్నర పెట్టి కూసోబెట్టిన రాయిని ఇట్ల మూడుసార్లు తీపిచ్చిండు ఒకరోజు, నాకైతే ఏడుపొచ్చింది నిజంగ. నాలుగోసారి ఊగిండు, సప్పుడు లేదు, ఏం అనలే, బీడీ తీసి మళ్ళ జేబుల పెట్టుకున్నడు (పని కాడ బీడీ బంద్, ఎండుగడ్డి ఉంటది కద). గదే మాకు మెచ్చుకోలు.

కోయిలకొండ ఖిల్లాకు ట్రెక్ పోయినప్పుడు గిదే చూసిన. ఆడ మేము గడ్డపార పట్టలే, పాత కట్టడం ఉన్నకాడ తవ్వకూడదు అని ముందే గట్టిగ చెప్తరు, ఉత్త ప్లాస్టిక్ ఏరుకొచ్చినం. విజయనగరంల ఏడేండ్లు తలదాచుకొని ఇబ్రహీం కుతుబ్ షా 1550ల గోల్కొండ గద్దె కోసం తిరిగొస్తుంటే కోయిలకొండ నాయకవాడీలు, అంటే ఖిల్లాల ఉండే సిపాయిలు, ఆయన దిక్కే నిలబడతమని ఒట్టేసిన్రు, ఆ ఒట్టు తెలుగు శాసనంల ఉంది, గీ కథ మా కోఆర్డినేటర్ అన్న మస్తు జోష్‌తోని చెప్తుంటే నేనేమో వంగి మెట్ల అంచులు చూస్తున్న. ఏ రాయి ఏ రాయి మీద కూసుందో. ఎక్కి ఊగిన కూడా, ఒక్కటి సప్పుడు చేయలే. నా ఎనుక వచ్చే పిల్ల "అక్కా కాలు బెణికిందా" అంటది.

ఇగ కోసిన స్టార్ సంగతి.

ఫస్ట్ రోజు పోంగనే పనులు పంచిన్రు. మగవాళ్ళకు గడ్డపార, పార, సమ్మెట. ఆడవాళ్ళకు తలా ఒక సంచి, ప్లాస్టిక్ ఏరమని. "అక్కా మీకెందుకు బరువులు, మీరు లైట్ పని చూస్కోండి" అని ప్రేమగనే అన్నడు అన్న. రెండోసారి గదే, మూడోసారి గదే. ప్లాస్టిక్ ఏరుడు తక్కువ పనని అంటలేను, కానీ పేషెంట్లను మంచం మీదికెళ్ళి మంచం మీదికి లేపేదాన్ని నేను, ఎనభై కిలోల మనిషిని ఎట్ల లేపాలో నాకు తెలుసు, నడుము వంచకుండ, మోకాళ్ళ మీద కూసొని, దగ్గరికి పట్టుకొని. ఈడ చూస్తే జిమ్‌కు పోయే పిలగాండ్లు నడుము వంచి రాళ్ళు గుంజుతున్నరు, రేపు మా దవాఖాన్లకే వస్తరు వీళ్ళు. ఇంట్ల నాయనమ్మకు చెప్తే, "నెత్తి మీద రాయి మోసింది ఆడోళ్ళే కదనే, మొగోళ్ళు పేర్చిన్రు" అన్నది.

నాలుగోసారి నేను అడగలే, పోయి గడ్డపార పట్టుకున్న. ఎవ్వరేమనలే, నిజం చెప్పాలంటే. వడ్డెర తాత అయితే గడ్డపార కొన యాడ పెట్టాలె, దాని కింద చిన్న రాయి ఆనిచ్చి ఎట్ల తొక్కాలె చూపించిండు. కానీ గిప్పటికి కూడా కొత్తగ వచ్చిన ఆడపిల్లలకు ముందు సంచే చేతికిస్తరు. రెండుసార్లు వచ్చి, గిది మున్సిపాలిటీ పని లెక్క ఉందని మానేసినోళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నరు. నేను గ్రూప్‌ల రాసిన, థంబ్స్ అప్ పెట్టిన్రు, గంతే.

ఇంకోటి ఫస్ట్ ఎయిడ్ డబ్బ. మొదటిసారి నేను మూత తీసి చూస్తే బెటాడిన్ డేట్ దాటి ఏడు నెలలైంది, క్రేప్ బ్యాండేజ్ లేదు, తలనొప్పి గోలీలు మాత్రం ముప్పై ఉన్నయి. నేను గొడవ పెట్టుకుంటే ఇప్పుడు డబ్బ నాకే అప్పజెప్పిన్రు, అంటే అడిగినోని నెత్తికే పని అన్నట్టు. సరే, చూస్కుంటున్న. పాము కరిస్తే ఏం చేయాలె అన్నది కూడా ఎవ్వరికి సరిగ్గ తెల్వకుండె, ఒకాయన గట్టిగ తాడు కట్టాలె అంటడు, ఇంకొకాయన బ్లేడుతోని గాటు పెట్టాలె అంటడు. రెండూ తప్పు. కట్టొద్దు, కోయొద్దు, పీల్చొద్దు, కరిచిన కాలు కదలకుండ పెట్టి, ఉంగరం గజ్జెలు తీసేసి, మనిషిని నడిపించకుండ మోసుకొని దింపి 108కి ఫోన్ చేసి సర్కారు పెద్దాసుపత్రికి పోవాలె, విషానికి ఇంజెక్షన్ ఆడ ఉంటది, పసరు మందు దగ్గర గంట పోగొట్టుకుంటే మనిషే పోతడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, మన దిక్కు నాలుగూ ఉన్నయి, ఏదన్నది తెల్వకున్నా ఇంజెక్షన్ ఒక్కటే, అందుకే పామును చంపి సంచిల ఏసుకొని రావాల్సిన పని లేదు. ఇప్పుడు ప్రతిసారి పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు నాతోని చెప్పిస్తున్నరు, దీనికి అర స్టార్ వెనక్కిచ్చేద్దునేమో.

రాయి లేపుడు గురించి కూడా ఒకటి చెప్తా, మీరు ఏ పొలంల చేసినా పనికొస్తది. రాయిని అవతలి అంచు పట్టి మన దిక్కుకు లేపాలె. అప్పుడు సందు అవతలి దిక్కు తెరుచుకుంటది, కింద తేలున్నా పామున్నా అటెళ్ళి పోతది. ఉరుకులాటల అవతలికి దొబ్బిన్రనుకో, అది మన కాళ్ళ మీదికే వస్తది. నాకు గిది తెల్వక ముందు ఒకరోజు రాయిని అవతలికి దొబ్బిన, కింద నల్లతేలు, తోక లేపి. అరిచిన అరుపుకు కింద మేకలు బెదిరినయి.

మేకలంటే గుర్తొచ్చింది. క్లబ్ చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఒక గుట్ట మీద అడ్డదారి మూసేయాలని సర్కారు తుమ్మ కంప కొట్టి అడ్డం పడేసినం, రెండు గంటల పని, చేతులన్నీ గీరుకపోయినయి. పదిహేను రోజులకు పోతే కంప మొత్తం లోయల ఉంది. మళ్ళ ఏసినం. మళ్ళ లోయల. ఎవరో పోకిరీలు అనుకున్నం, తీరా చూస్తే ఒక గొల్లాయన, మేకలు తోలుకొని వచ్చి తాపీగ కర్రతోని కంప తీసి పడేస్తుండు. అన్న పోయి పర్యావరణం, మట్టి కోత అని ఇంగ్లీషు కలిపి చెప్తుంటే ఆయన మొత్తం విని, "సార్, మా నాయినకెళ్ళి ఇదే బాట, పైన బండ మీద దోనెల నీళ్ళుంటయి, మేకలకు అవే, మీరేమో ఆదివారం వస్తరు పోతరు" అన్నడు. ఎవ్వరికి మాట రాలే. ఎవరన్నా ముందు ఆయన్ను అడిగితే అయిపోతుండె కద, గుట్ట మీద రోజూ ఉండే మనిషి ఆయనొక్కడే. తర్వాత ఆయనతోనే నడిచి చూస్తే వాన నీళ్ళు యాడికెళ్ళి దిగుతయో వేలు పెట్టి చూపించిండు, మేకల బాట అట్లనే ఇడిచిపెట్టి దాని కింద రెండు చోట్ల నీళ్ళు మళ్ళించినం, పని సగం తగ్గింది.

కంప అంటే లాంటానా గురించి కూడా రాయాలె. రంగురంగుల పూలు, చూడనీకి బాగుంటది, కానీ బాట మొత్తం మింగేస్తది. ఊకె పైన నరికితే లాభం లేదు, నెలకే మళ్ళ గుబురు. మట్టి కొంచెం తీసి కాండం వేరు కలిసే జాగ కింద నరకాలె, నరికినాన్ని తలకిందులు చేసి వేరు ఆకాశం దిక్కు పెట్టాలె, కొమ్మకు తడి మట్టి తగిలితే మళ్ళ చిగురేస్తది. ఇదంతా అటవీశాఖ పర్మిషన్ ఉన్నకాడనే చేస్తరు, పర్మిషన్ లేకుండ ఆకు కూడా తెంపనియ్యరు మావోళ్ళు, గది నాకు నచ్చింది. అక్టోబర్ల గుట్ట నిండ సీతాఫలాలు ఉంటయి, ఒకటి రెండు తింటే ఎవ్వరేమనరు, సంచి నింపుకుంటే మాత్రం తిడతరు, ఎందుకంటే కింది తండా ఆడోళ్ళు పొద్దుగాలనే వచ్చి తెంపుకపోయి హైవే మీద గంపలు పెట్టి అమ్ముకుంటరు, వాళ్ళ నాలుగు పైసలు అవే.

నల్లమల్ల సలేశ్వరం జాతరకు కూడా పోయినం ఒకసారి, చైత్ర పున్నానికి. ఏడాదికి గా కొన్ని రోజులే లోపలికి వదుల్తరు, పులుల అడవి కద. ఫరహాబాద్ గేటుకెళ్ళి బండ్ల మీద పోయి చివరికి కొన్ని కిలోమీటర్లు రాళ్ళ మీద నడక, లోయలకు దిగుడు, "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అని జనం, పూజ చేసేది చెంచులు. ఆడ మాకు బాట పనేం లేదు, ఇరుకు బండల కాడ ఎక్కేటోళ్ళు దిగేటోళ్ళు ఎదురుపడ్డప్పుడు ముసలోళ్ళకు చెయ్యందించుడు, వాటర్ బాటిళ్ళు ఏరి పైకి మోసుడు. గా ఎండల ఆ మెట్టు మీద ఖాళీ సీసల సంచి మోస్తుంటే రాళ్ళ పనే నయమనిపించింది. ఇద్దరికి ఎండదెబ్బ తగిలింది, ఓఆర్ఎస్ పాకెట్లు నేను ఎక్కువ పెట్టుకుపోయిన కాబట్టి సరిపోయినయి. మొదటిసారి పోయేటోళ్ళు గీ జాతరతోని మొదలుపెట్టకుండ్రి.

సీజన్ అంటే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి బెస్ట్, మట్టి మెత్తగ ఉంటది. మార్చి దాటితే గడ్డపార బండకు కొట్టినట్టే, పని బంద్. వానకాలం కూడా పని లేదు కానీ ఒక్కసారి వాన పడుతుంటే తీసుకపోతరు, ఉత్తగ చూడనీకి. నాకు ఏడాదిల అన్నిట్ల నచ్చింది గదే. గొడుగులు పట్టుకొని, కొందరు తడుసుకుంట, మేము పెట్టిన రాళ్ళ వరుస కాడ నిలబడి నీళ్ళు ఎట్ల వస్తున్నయో చూసుడు. ఎర్రగ మట్టి కలిసిన నీళ్ళు బాట వెంట ఉరుక్కుంట వచ్చి, మా రాళ్ళ కాడ ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, పక్కకు తిరిగినయి. ఒక ఎండుటాకు మీద నేను కన్నేసి ఉన్న, అది కూడా గిర్రున తిరిగి కాల్వ నోట్లకెళ్ళి గడ్డిలకు పోయింది. కింద బాట మీద నీళ్ళు లేవు. అందరం పిచ్చోళ్ళ లెక్క చప్పట్లు కొట్టినం. రెండో వరుస మాత్రం తెగిపోయింది, గది జిమ్ పిలగాండ్లు పెట్టింది.

ఖర్చు చెప్తా. సభ్యత్వం ఏం లేదు, గ్లవ్స్‌కు మొదట్ల రెండొందలు, పెట్రోల్ పంచుకుంటరు. సామాను క్లబ్‌దే, కానీ కొడవళ్ళకు పదును ఉండదు, చేతనైతే ఇంట్లదే తెచ్చుకోండి. టిఫిన్ ఎవరిది వాళ్ళే, నేనైతే జొన్నరొట్టె, పల్లీల పొడి, ఉల్లిగడ్డ కట్టుకపోత. ఐదున్నరకు కలుద్దాం అంటరు, ఆరుంబావుకు కానీ బండ్లు కదలయి, గీ విషయంల వాళ్ళు మారరు. ఆడోళ్ళకు ఇంకోటి, గుట్ట మీద బాత్రూం ఉండదు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి, మాకు ఒక పాత చీర ఉంటది అడ్డం పట్టనీకి, నలుగురు పోతే ఇబ్బందేం లేదు. పని అయినంక గ్రూప్ ఫొటో ఇరవై నిమిషాలు, దానికి మాత్రం టైముకొస్తరు అందరు.

పోయిన ఆదివారం ఇంటికి పోయేసరికి మెడ పట్టేసి ఉండె, తట్టల ఇసుక మోసినం కద, నెత్తి మీద పెట్టుకుంటే తట్ట అంచు గుచ్చుకుంటది. నాయనమ్మ చూసి ఏమనలే, లోపలికి పోయి ఒక పాత పంచె ముక్క తెచ్చింది, రెండు చేతులతోని తిప్పి తిప్పి చుట్ట చేసి నా నెత్తి మీద పెట్టి, పైన స్టీలు గిన్నె బోర్లించి నడువుమన్నది. గిన్నె కదల్లే. "సుట్టబట్ట లేకుండ ఎవ్వతన్నా మోస్తదే" అని తిట్టింది. అందుకే ఈసారి వచ్చే ఆడోళ్ళు తలా ఒక పాత బట్ట తెచ్చుకోండి, మెత్తటి కాటన్‌ది, చుట్టుడు నేను చూపిస్త.